నాలుగో అంతస్తు కవరు

కవర్లు కోయడం నా పని.
ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే కత్తి,
ఎముక పిడి, కొసన కొంచెం వంపు.
పొద్దున్నే టపా సంచి బల్ల మీద గుమ్మరించి
తేదీ ముద్ర వేసి
ఏ ఫైలు కాగితం ఆ ఫైలుకి చేరుస్తాను.
చదవడం నా పని కాదు.
కానీ కళ్ళున్నాక
అక్షరం ఎదురుపడితే పక్కకి తప్పుకుంటాయా?

సెయింట్ జాన్స్‌లో, రేవుకి ఎగువన,
ఐదంతస్తుల రాతి మేడ మాది.
రెండో అంతస్తులో మేము, టిజార్డ్ అండ్ క్విన్లాన్.
నాలుగో అంతస్తులో బీమా కంపెనీ లాయర్లు.
లిఫ్టు ఒకటే.
కోర్టులో కత్తులు నూరుకునేవాళ్ళు
లిఫ్టులో వాన గురించి మాట్లాడుకుంటారు.

ఆ గురువారం లిఫ్టు చెడిపోయింది.
పొగమంచు రేవుని మింగి, వీధిని మింగి,
మా కిటికీ అద్దం దాకా వచ్చి ఆగింది.
కొరియర్ కుర్రాడు కొత్తవాడు.
అంకె తప్పు చదివాడో,
మెట్లెక్కలేక సగంలో బరువు దించుకున్నాడో.

నేను కోశాను.
మడత విప్పాను.
మొదటి పేజీ, మూడో వాక్యం.
ఎర్రటి 'గోప్యం' ముద్ర ఆ తర్వాత కనపడింది,
ఇల్లు కాలాక మోగిన గంటలా.

అది మర్టిల్ హైన్స్ కేసు.
మొగుడు పీతల వేటకి వెళ్ళాడు.
పడవ దొరికింది, మనిషి దొరకలేదు.
తప్పంతా అతనిదేనంటోంది కంపెనీ.
ఆమె వచ్చినప్పుడల్లా కుర్చీ అంచునే కూచుంటుంది,
నిండుగా కూచుంటే దానికీ బిల్లు పడుతుందేమోనని.

కాగితం మడిచి డెర్మట్ గదికి వెళ్ళాను.
"పైవాళ్ళది. పొరపాటున వచ్చింది.
ఒక్క వాక్యం చదివేశాను."
ఆయన పెన్ను ఆగింది. లేచి తలుపు వేశాడు.
మనకి పనికొచ్చేదేనా అంటాడనుకున్నాను.
అనలేదు.
గొంతులో ముడి మాత్రం ఒకసారి పైకెళ్ళి దిగింది.
"నాకు చెప్పకు, నోరీన్.
ఎప్పటికీ చెప్పకు."

మా దగ్గర గంటకి పది ముక్కలు,
ముక్కకి ఆరు నిమిషాలు.
తుమ్మినా దగ్గినా ఎవరో ఒకరి ఖాతాలో రాస్తాం.
పై అంతస్తుకి ఆయన చేసిన ఫోను ఒక ముక్క.
ఆ గడి ఖాళీగా వదిలేశాడు.
కవరుకి టేపు అంటించి నేనే మెట్లెక్కాను.
అక్కడి పిల్ల సంతకం పెట్టి థాంక్స్ అంది,
ఎక్కడో పారేసుకున్న చేతి తొడుగు తెచ్చిచ్చినట్టు.

జరిగింది జరిగినట్టు మర్టిల్‌కి చెప్పాడు డెర్మట్.
నేను అక్కడే ఉన్నాను, టీ కప్పులు తీస్తూ.
ఆమె కాసేపు తన చేతుల్ని చూసుకుంది.
"పక్కింటి ఉత్తరం పక్కింటికే ఇవ్వాలి కదా" అంది.
నా చేతిలో సాసరు గలగలలాడింది.

ఫిబ్రవరిలో రాజీ కుదిరింది.
అంకె చిన్నది.
ఎంత చిన్నదో
మా అంతస్తులో తెలిసింది నాకొక్కదానికే.
జడ్జి లేదు, బోను లేదు,
రెండు సంతకాలు, ఒక చెక్కు.
వెళ్ళేముందు నా బల్ల మీద ఒక సీసా పెట్టింది,
చిత్తడి నేలల్లో తనే ఏరిన పసుపు పండ్ల జామ్.
ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర నిలబడే తిన్నాను.
బాగుంది.
అదే నాకు సహించలేదు.

డెర్మట్ పోయి ఆరేళ్ళు.
పోయేముందు ఆసుపత్రిలో ఒకసారి
నా వైపు తిరిగి నోరు తెరిచాడు.
మళ్ళీ మూసుకున్నాడు. మంచినీళ్ళు అడిగాడు.

వృత్తి నియమాల పుస్తకంలో
ఆ పేజీ అంచులు నా వేళ్ళకి నలిగిపోయాయి.
చదవడం ఆపమంటుంది.
అవతలివాళ్ళకి చెప్పమంటుంది.
తిరిగి పంపమంటుంది.
మర్చిపోవడం ఎలాగో ఏ నిబంధన కిందా లేదు.

అడక్కండి. మీకూ చెప్పను.
ఇంతమాత్రం అనగలను:
పదకొండు మాటలు.
నిద్ర పట్టని రాత్రి వేళ్ళ మీద లెక్కపెడతాను.
ఒకటి ఎప్పుడూ మిగిలిపోతుంది.